ఆగస్టు ఇరవై రెండు నుంచి

మాది ముప్పై ఏడో నంబరు, ఇప్పుడు పిలిచింది ఇరవై నాలుగు, అంటే ఇంకో గంట పడుతుందేమో, ఈ గంటలో నేను చేయాల్సిన పని ఒక్కటే, రెండు ముక్కలు నోటికి అలవాటు చేసుకోవడం. ఆగస్టు ఇరవై రెండు నుంచి మేము విడిగా ఉంటున్నామండి. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా మా మధ్య భార్యాభర్తల సంబంధం ఏమీ లేదండి. అంతే. పదో తరగతి పిల్లలకు సూత్రాలు బట్టీ పట్టించే లెక్కల టీచర్ని, ఈ రెండు వాక్యాలు నాకొక లెక్కా! మొదటిది గడగడా వచ్చేస్తోంది. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది. మళ్ళీ మొదటినుంచి. నరసరావుపేట కోర్టు వరండాలో ఈ సిమెంటు బెంచీ మీద కూర్చుని పెదాలు కదుపుతుంటే, పక్కనున్న ముసలామె నేనేదో జపం చేసుకుంటున్నాననుకుంది కాబోలు, కాస్త జరిగి చోటిచ్చింది.

ఎదురు బెంచీ మీద శ్రీకాంత్ కూర్చున్నాడు. నా భర్త. విడాకులు వచ్చేదాకా భర్తే. తెల్లచొక్కా ఇస్త్రీ మడత చెదరకుండా కూర్చుని ఫోను చూసుకుంటూ బొటనవేలితో పైకి తోస్తున్నాడు. కృష్ణ అవతల మిర్యాలగూడ వైపు సంబంధం కుదిరిందట, ఆడపిల్లవాళ్ళు విడాకుల కాగితం చూపిస్తేనే తాంబూలాలు పుచ్చుకుంటామన్నారట. అందుకే ఇంత బుద్ధిమంతుడయ్యాడు, లేకపోతే పెద్దమనుషుల ముందు నాలుగుసార్లు "దాన్ని ఒదిలేదే లేదు, పడి ఉండమనండి" అన్న మనిషి ఒక్కసారిగా సంతకానికి ఎలా దిగివస్తాడు. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. ఆ పిల్ల చెవులు మాత్రం గుర్తొస్తుంటాయి, చూడని మనిషి చెవులు, ఎందుకంటే నా ఎడమ చెవి ఇప్పటికీ సగమే వినపడుతుంది, బంట్రోతు పేర్లు పిలిచినప్పుడల్లా కుడి చెవి అటు తిప్పి వినాల్సి వస్తోంది. నిరుడు జూన్‌లో ఓట్ల లెక్కింపు అయింది, వీళ్ళు జీపులెక్కి ప్రచారం చేసిన మనిషి ఓడిపోయాడు. మిగతా ఇళ్ళలో ఆ కోపం ఎవరి మీద తీరిందో నాకు తెలియదు, మా ఇంట్లో నా వీపు మీద తీరింది. అది ఆగస్టు దాకా తీరుతూనే ఉంది. ఇరవై రెండో తేదీన అన్నం వడ్డిస్తూ, "ఓడిపోతే పోయారు, ముందు తినండి, చల్లారిపోతోంది" అన్నాను. ఆ మాటకే చెవి మీద కొట్టాడు. కిందపడ్డాక చారు గిన్నె ఇంకా నా చేతిలోనే ఉంది, ఒలకనివ్వలేదు నేను, అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంట. ఆ సాయంత్రం సర్టిఫికెట్లు, రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని బస్సెక్కి రాజుపాలెం వచ్చేశాను, మా నాన్న దగ్గరికి. ఆ బస్సు టికెట్టు పర్సులో ఉండిపోయింది. లాయరుగారు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, అర్జీలో ఆ తేదీయే వేశారు.

లాయరు గుల్జార్ బేగం గారు ఇప్పుడు లోపల హాల్లో ఇంకో కేసులో ఉన్నారు, తలుపు తెరిచినప్పుడల్లా నల్లకోటు వీపు కనిపిస్తోంది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ నా ఏడుపు వినలేదు, మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపి, "విడిగా ఉండబట్టి ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగారు. మూడు నెలలండీ అంటే, "అయితే ఇంకో తొమ్మిది నెలలు ఆగి రా. ఇద్దరూ ఒప్పుకుని తీసుకోవాలంటే ఏడాది విడిగా ఉండి తీరాలి, లేకపోతే అర్జీయే నిలవదు. అర్జీ వేశాక మళ్ళీ ఆర్నెల్లు టైమిస్తారు, మనసు మారుద్దేమోనని" అన్నారు. ఏ ఇంట్లో ఉన్నామన్నది కాదట లెక్క, ఒకే ఇంట్లో రెండు గదుల్లో ఎవరి బతుకు వాళ్ళు బతికినా విడిగా ఉన్నట్టేనట, రెండు ఊళ్ళలో ఉండి మధ్యలో మళ్ళీ కాపురం కలిస్తే కలిసినట్టేనట, అప్పుడు ఏడాది మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు. ఐదేళ్ళు దెబ్బలు తిన్నానే, అది ఈ లెక్కలోకి రాదు. ఎన్నాళ్ళు దూరంగా ఉన్నానన్నదే కావాలి. సరే, లెక్కలంటే నాకు భయం లేదు, బళ్ళో ఇచ్చిన క్యాలెండరులో రోజుకో గీత కొట్టుకుంటూ వచ్చాను, నూటా ఎనభై ఎనిమిది గీతలయ్యాయి, నూటా ఎనభై ఎనిమిది రోజులు ఏ బాధా లేకుండా గడిచాయి. పక్కింటి వాళ్ళు, చుట్టాలు, సత్తెనపల్లి బడిలో తోటి టీచర్లు ఏమన్నా అనుకోనీ, రాత్రి పడుకుంటే నిద్ర పట్టేది నాకు. ఆడదానికి నిద్ర పట్టడం ఎంత పెద్ద ఆస్తో పట్టనిదానికే తెలుస్తుంది.

శివరాత్రి ఇంకో మూడు రోజులుందనగా మా అత్త గురవమ్మ ఆటో కట్టించుకుని రాజుపాలెం వచ్చింది. మా గడప ఎక్కలేదు, మెట్టు మీదే కూర్చుంది, మంచినీళ్ళు ఇస్తే పక్కన పెట్టింది. ఆమె మీద నాకు కోపం లేదు, ఉండదు కూడా, కొట్టినప్పుడల్లా నూనె కాచి తెచ్చింది ఆమె. కొడుకును ఆపలేదు, నూనె మాత్రం కాచింది. అంతకు ముందేడు నాకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయి ఈ నరసరావుపేట ఆస్పత్రిలోనే తొమ్మిది రోజులు పడి ఉంటే, కొడుకు రెండుసార్లు వచ్చి చూసిపోయాడు, ఆమె తొమ్మిది రోజులూ నా మంచం కిందే చాప వేసుకుని పడుకుంది. నేను లేచి తిరిగితే కోటప్పకొండ తిరనాళ్ళకు ప్రభ బండి కట్టిస్తానని మొక్కుకుంది. మా వైపు ఆ కొండమీది కోటయ్య మొక్కు అంటే మాటలు కాదు, మొక్కి ఎగ్గొట్టినవాళ్ళ కథలు ఇంటింటికీ రెండు ఉంటాయి. "ఏమే ప్రత్యూషా, నీ పానం కోసం మొక్కిన ప్రభేనే. మొగుడూ పెళ్ళాం కొంగులు ముడేసుకుని కాయ కొట్టకపోతే బండి కదలగూడదు, మా ఇంటి ఆనవాయితీ. ఒక్క పూట. కాయ కొట్టి ఎల్లిపో, నేను అడ్డం రాను, కావాలంటే నీ కాళ్ళు పట్టుకుంటా" అంది. నిజంగానే వంగబోయింది. నేను నాన్న వైపు చూశాను. మా నాన్న సాంబశివరావు ఊళ్ళో తగువులు తీర్చే మనిషి, ఎదుటివాడి మాట కాదనలేడు, దేవుడి మాటయితే అసలు కాదనలేడు. "పోయొద్దాం తల్లీ. నేను తీసుకుబోయి నేనే తీసుకొస్తా. కోటయ్యతో మనకెందుకు" అన్నాడు. కాదంటే ఏమయ్యేది? ఎన్నోసార్లు అడుగుతాను నన్ను నేను, ఏమయ్యేది, బండి కదలకపోతే కదలకపోయేది.

ముప్పై ఒకటి పిలిచారు. ఎవరో కుర్రజంట లేచారు, పెళ్ళయి ఏడాదయినా అయిందో లేదో, ఆ పిల్ల చేతికి ఇంకా పెళ్ళి గాజులున్నాయి. నాన్న టీ తెచ్చి నా చేతిలో పెట్టి మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పొద్దుటినుంచీ కూర్చోలేదు. ఆయనకు ఏమీ తెలియదు. తేలు కుట్టిన దొంగలాగా ఎనిమిది నెలలుగా ఆయన ముందు తిరుగుతున్నది నేను, తప్పు చేసింది ఎవరో, నోరు మూసుకున్నది నేను.

శివరాత్రి రోజు మా అత్తవారి ఊళ్ళో ఎండ కూడా బాగానే కాసింది. ప్రభ చిన్నదే, ఇంటి ప్రభ, ట్రాక్టరు ట్రక్కు మీద వెదుళ్ళు కట్టి రంగు కాగితాలు, బల్బులు, మధ్యలో స్వామి పటం. ఎర్రచీర కట్టించింది అత్త. నా కొంగు అతని కండువాకు ముడేసింది పురోహితుడు కాదు, ఆమే, గట్టిగా, రెండు ముళ్ళు. పీటల మీద కూర్చున్నాం, కాయ కొట్టాం, గుమ్మడికాయ పగిలింది, డప్పులు మోగాయి, ఎవడో సెల్‌ఫోను పైకెత్తి మొత్తం వీడియో తీశాడు, ఆ వీడియోలో నేను నవ్వుతున్నాను కూడా, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వమన్నారు, నవ్వాను. బండి కదిలింది. "చేదుకో కోటయ్యా" అని ఊరు ఊరంతా అరుస్తూ దాని వెనకాలే వెళ్ళింది, మొక్కుకున్న మనిషి గనక అత్త ట్రాక్టరు ముందు నడవాలి, మగవాళ్ళతో పాటు నాన్న కూడా నడిచాడు, సాయంత్రానికి వచ్చేస్తా తల్లీ అని చెయ్యూపాడు. మిగిలింది మేమిద్దరం, మా మధ్య ఆ ముడి. దాన్ని వీధిలో విప్పకూడదు. ఇంట్లోకి పోయి దేవుడి గూటి ముందు దీపం పెట్టి, అప్పుడు విప్పాలి. ఎవరు పెట్టారో ఈ రూలు, వాళ్ళ వంశం ఏమయిందో! ముడి విప్పుకుని పోదామనే నేను ఆ గుమ్మం ఎక్కాను, ఇంకెందుకూ కాదు, అతని కండువాకు కట్టేసి ఉన్నాను గనక అతను నడిచిన వైపే నడిచాను. లోపలికి వెళ్ళాక అతను తలుపు మూసి గడియ పెట్టాడు. దీపం పెట్టనివ్వలేదు.

వద్దన్నాను. మొదట మామూలుగా అన్నాను, తర్వాత బతిమాలాను, ఆ తర్వాత అరిచాను, ఊళ్ళో మనిషి లేడు, ఉన్న శబ్దమంతా ప్రభ వెనకాలే వెళ్ళిపోయింది. "నా పెళ్ళానివే కదే, మొన్నటిదాకా అలవాటు లేదా ఏంది" అన్నాడు. ముడి అలాగే ఉంది, దానివల్ల నేను పక్కకు కూడా జరగలేకపోయాను. అయిపోయాక లేచి కండువా నా మీదికి విసిరేసి, "విప్పుకో, నేను తిరనాళ్ళకు పోవాల" అన్నాడు. చెమటకు తడిసిన ముడి ఎంతకూ రాలేదు, పళ్ళతో విప్పాను. బోరింగు దగ్గర ఒళ్ళు కడుక్కున్నాను, కడుక్కుంటూనే ఉన్నాను, చీకటి పడ్డాక నాన్న బండి మీద వచ్చి ఖర్జూరం, మరమరాలు పొట్లం చేతిలో పెట్టాడు. తిన్నాను. మరమరాలు తింటూ బండి వెనక కూర్చుని రాజుపాలెం వచ్చాను. మర్నాడు బళ్ళో త్రికోణమితి చెప్పాను. క్యాలెండరులో ఆ రోజు గడిలో గీత కొట్టాలా వద్దా తెలియక వదిలేశాను.

ఎవరితో చెప్పను? చెబితే మొదటి ప్రశ్న, "నువ్వెందుకు పోయినావు?" ఆ ప్రశ్న అడగని మనిషి మా జిల్లాలో ఉంటే చూపించండి. చెప్పింది గుల్జార్ బేగం గారికే, అదీ మొన్న సెప్టెంబరులో, అర్జీ మీద సంతకం పెట్టేముందు ఆవిడ, "మధ్యలో ఎప్పుడన్నా ఆ ఇంటికి వెళ్ళావా?" అని మామూలుగా అడిగినప్పుడు. పెన్ను కింద పెట్టేసి లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. తర్వాత చట్టం చెప్పారు. కలిసి ఉన్న భార్యను మొగుడు బలవంతం చేస్తే ఈ దేశంలో అది అత్యాచారం కిందికి రాదమ్మా, విడిగా ఉంటున్న భార్యనైతే నేరమే, రెండేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, కేసు పెడదామంటే పెడదాం. కానీ డాక్టరు కాగితం లేదు, సాక్ష్యం లేదు, పీటల మీద నవ్వుతున్న వీడియో ఉంది. వాళ్ళ లాయరు లేచి మళ్ళీ కలిశారండీ, కాపురమేనండీ అంటాడు. అప్పుడు నేరమూ పోతుంది, మన ఏడాదీ పోతుంది. అతను ఎదురు తిరిగితే ఒప్పందం కాస్తా తగువవుతుంది, అయిదేళ్ళో ఆరేళ్ళో తిరగాలి. ఆ మాట ఎత్తకుండా ఉంటే ఆర్నెల్లలో నీ బతుకు నీది. ఇదీ ఆవిడ చెప్పింది. "ఏది చెయ్యమని నేను చెప్పనమ్మా, చెప్పలేను" అని కూడా అన్నారు. ఎంత చక్కటి చట్టం! అదే మనిషి, అవే చేతులు, అదే నేను వద్దనడం. ఆగస్టు ఇరవై ఒకటిన అయితే మామూలు, ఇరవై రెండు తర్వాత అయితే నేరం. పెళ్ళయిన కొత్తలోనుంచీ నేను ఎన్నిసార్లు వద్దన్నానో, అవన్నీ ఏ తేదీలో వేసుకోవాలి? ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అలా నిలబడి నుయ్యే నయమనుకున్నాను. ఆర్నెల్లు. ఇద్దరి నోటినుంచీ ఒకే అబద్ధం. మొదట్లో చేదుగా ఉంటుంది, తర్వాత మాత్ర మింగినట్టు దిగిపోతుందనుకున్నాను.

ముప్పై అయిదు పిలిచాక శ్రీకాంత్ లేచి వచ్చాడు. నా పక్కన కూర్చోలేదు, స్తంభానికి ఆనుకుని, నాన్నకు వినపడనంత చిన్నగా మాట్లాడాడు, ఎడమవైపునుంచి, ఆ చెవి సంగతి మర్చిపోయినట్టున్నాడు. మళ్ళీ చెప్పమని తల తిప్పాల్సి వచ్చింది. "ఆ తిరనాళ్ళ నాటి సంగతి ఎత్తబాకు లోపల. ఎత్తితే ఏడాది మళ్ళీ మొదలవుద్దంట, మా లాయరు చెప్పాడు. నీకూ నష్టమే" అన్నాడు. "అయినా ఇప్పుడదంతా ఎందుకు గానీ, అప్పుడు మనం మొగుడూ పెళ్ళాలమేగా. తప్పేముంది అందులో" అని నెత్తి దువ్వుకుంటూ వెళ్ళి తన చోట కూర్చున్నాడు. నిజంగానే అనుకుంటున్నాడు, అదే నన్ను కోసేసింది. నాలాగా రాత్రిళ్ళు లేచి కూర్చోలేదు ఆ మనిషి. అయినా రెండు వాక్యాలూ మళ్ళీ చెప్పుకున్నాను. ఆర్నెల్లు, ప్రత్యూషా, ఆర్నెల్లు ఓర్చుకో.

ముప్పై ఏడు. లోపల ఫ్యాను చప్పుడు ఎక్కువ. జడ్జిగారు ఆడమనిషే, కళ్ళజోడు పైనుంచి ఇద్దరినీ చూశారు, ఎవరి బలవంతమూ లేదు కదా అని అడిగారు, లేదన్నాం. ముందు అతన్ని పిలిచారు. దైవసాక్షిగా అంతా నిజమే చెబుతానన్నాడు, గడగడా. ఆగస్టు ఇరవై రెండు నుంచి విడిగానే ఉన్నాం మేడం, అన్నాడు. మధ్యలో ఎప్పుడైనా కలిశారా అని అడిగారు. "ఒకసారి ప్రభ మొక్కుకి మా ఇంటికొచ్చింది మేడం, కాయ కొట్టి ఎల్లిపోయింది. నేను ముట్టుకోను గూడా ముట్టుకోలేదు. విడిగా ఉండే మనిషిని నేనెందుకు ముట్టుకుంటా మేడం" అన్నాడు. వరండాలో నాతో మొగుడూ పెళ్ళాలమేగా అన్న నోరు, పావుగంట కాలేదు. నాతో ఒకటి, జడ్జితో ఒకటి, రెండింటిలోనూ అతనికి తప్పు లేదు. టైపు చేసిన కాగితం ఇచ్చారు, చదవకుండా సంతకం పెట్టాడు, పెన్ను మూత కూడా పెట్టి జాగ్రత్తగా వెనక్కిచ్చాడు. అంత కోపం నాలో ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

"ఏమ్మా, ఆయన చెప్పింది నిజమేనా?"

"విడిగా ఉన్న మాట నిజమేనండి. ఆగస్టు ఇరవై రెండు నుంచి ఒక్కరోజు కూడా కాపురం చెయ్యలేదండి." మొదటి వాక్యం ఎప్పట్లాగే వచ్చేసింది. గుల్జార్ బేగం గారు తలూపారు. "ముట్టుకోలేదన్నది అబద్ధమండి. శివరాత్రి నాడు కొంగుముడి విప్పడానికి ఇంట్లోకి పోతే గడియ పెట్టి బలవంతం చేశాడండి. నేను వద్దన్నానండి. చానాసార్లు అన్నానండి."

"అబద్ధం మేడం, డబ్బులు గుంజడానికి..." అని శ్రీకాంత్ లేచాడు, కూర్చోమన్నారు. జడ్జిగారు కళ్ళజోడు తీశారు. "ఆలోచించే మాట్లాడుతున్నావా అమ్మా? ఇది రాసుకుంటే ఈ అర్జీ ఇవాళ ముందుకు పోదు. ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పలేను." నేను లాయరుగారి వైపు చూశాను. ఆవిడ నావైపు ఒకడుగు వేసి నా పక్కన నిలబడ్డారు. గుమ్మంలో నాన్న ఉన్నాడు, నాదీ తనదీ ఖాళీ టీ గ్లాసులు రెండూ ఇంకా ఆయన చేతిలోనే ఉన్నాయి, నన్ను కాదు, తన చెప్పులను చూసుకుంటున్నాడు. నేనే తీసుకుబోతానన్న మనిషి. ఆయన్ను అక్కడ అలా చూస్తూనే "రాసుకోండి మేడం" అన్నాను.

టైపు చేసే అమ్మాయి తల ఎత్తలేదు. ఏ తేదీ అని అడిగింది, చెప్పాను. ఏ ఊరు అని అడిగింది, చెప్పాను. "టైమెంతండి?" అంది. ఆ రోజు అతను గడియ పెట్టిన గదిలో గడియారం సరిగ్గా నా ఎదురుగా ఉండేది, అంతసేపూ నేను చూసింది దాన్నే.

"రెండూ పది నుంచి రెండూ ఇరవై అయిదు దాకా" అన్నాను.